బీమా ఉన్నను, లేకున్నను: ఒక సూదిమందు ఖరీదు

బిడ్డలు అమెరికాలో ఉన్న తెలుగు ఇండ్లలో నేడు ‘వెగోవీ’ అను పేరు తరచు వినవచ్చుచున్నది. ఇది వారమునకొకసారి తీసికొను సూదిమందు. ఆకలిని తగ్గించి శరీరపు బరువును దించును. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ దీనిని 2021 జూన్‌లో స్థూలకాయ చికిత్సకు అంగీకరించినది. దీని గుణదోషములు వైద్యులు చెప్పవలసినవి. మేమిక్కడ పరిశీలించునది ఖరీదును మాత్రమే.

2025లో తయారీదారు ప్రకటించిన ధర నెలకు 1,349 డాలర్లు. అనగా ఏడాదికి 16,188. బీమా ఉన్నవారికి ఈ బెడద లేదనుకొనుట సహజమే కాని, లెక్క అంత తేలిక కాదు.

ఒక బీమాపత్రమును ఊహింతము. ఏటా మొదటి 1,500 డాలర్లు రోగియే భరింపవలెను. దీనినే వారు డిడక్టిబుల్ అందురు. ఆపైన ఖర్చులో పావువంతు అతనిది. బీమా సంస్థ బేరమాడి ధర తగ్గించుకొననిచో, మొదటి నెల 1,349 డాలర్లును అతని జేబునుండియే పోవును. రెండవ నెల మిగిలిన 151కి తక్కిన 1,198లో పావు చేర్చగా సుమారు 450. తరువాత పదినెలలు నెలకు సుమారు 337. వెరసి 5,172 డాలర్లు. నెలనెలా కట్టు ప్రీమియము దీనికి వేరు!

ఇక బీమా జోలికి పోక తయారీదారువద్ద నేరుగా కొన్నవారికి 2025 మార్చిలో నెలకు 499 డాలర్లు పడినది. నవంబరులో అది 349కి దిగినది. ఈ రెండవ ధరకు ఏడాదికి 4,188. బీమా గలవాడు, దానిని వాడినందుకు, 984 డాలర్లు అధికముగా చెల్లించినట్లైనది! అయితే ఇట్లు నేరుగా కొన్న సొమ్ము సాధారణముగా డిడక్టిబుల్‌లో జమకాదు. ఇతర వ్యాధులకు ఎట్లును ఆ మొత్తము చెల్లించువారికి బీమాయే లాభము కావచ్చును.

బీమా అంగీకరించినచో తయారీదారు ఇచ్చు తగ్గింపు కార్డు మరికొంత భారము దించును. కాని ప్రభుత్వ బీమాయైన మెడికేర్‌లోని వృద్ధులకు ఆ కార్డు చెల్లదు. పైగా 2003 నాటి చట్టము బరువు తగ్గించు మందులను మెడికేర్‌నుండి మినహాయించినది. 2024 మార్చిలో గుండెజబ్బు గలవారికి ఈ మందును అంగీకరించిన పిదప, ఆ కారణముచే కొందరికి త్రోవ దొరకినది.

కావున ఉద్యోగమునుబట్టి వచ్చిన బీమాపత్రములో మొదట వెదకవలసినది మందు పేరు కాదు, ‘బరువు తగ్గించు మందులు చెల్లవు’ అను వాక్యము. అది లేకున్నను ముందస్తు అనుమతి అడుగుదురు. ఎత్తు బరువుల సూచిక 30 గాని, రక్తపోటువంటి వ్యాధి తోడైనచో 27 గాని ఉన్నట్లు వైద్యుడు వ్రాసి పంపవలెను. ఆ అనుమతికి గడువుండును; అది తీరగానే తూకపు కాగితములు మరల పంపవలసియుండును.