కోడిగుడ్డు మీద చిత్తరువులు

కోడిగుడ్డుకు ఈకలు పీకేవాడని మనవాళ్ళు ఆక్షేపిస్తూ వుంటారు. లేని తప్పులు వెదికే మనిషికి అంతకంటె తగిన బిరుదు మరొకటి లేదు. అయితే అదే కోడిగుడ్డు మీద జింకలను, గోధుమ వెన్నులను, నిచ్చెనలను, సూర్యబింబాన్ని రాసి, చూసినవాళ్ళచేత ముక్కుమీద వేలు వేయించే స్త్రీలు ఉక్రెయిన్ దేశంలో తరతరాలుగా వున్నారు. ఈస్టరు పండుగకు ముందు తయారయే ఈ గుడ్డును వాళ్ళు ‘పిసాంకా’ అంటారు. ‘రాయడం’ అనే అర్థంగల మాట నుంచి పుట్టిన పేరది. 2024లో యునెస్కో ఈ కళను మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు పిసాంకా రాయడానికి గుడ్డే అక్కరలేదు. బొమ్మలు దిద్దే ప్రోగ్రాము వున్న కంప్యూటరు చాలు. మైనం లేదు, రంగునీళ్ళు లేవు, చెయ్యి జారితే పగులుతుందన్న భయం లేదు. ఇంత సుఖమైన పనిలో చిక్కేమిటంటారా? తెర చదునుగా వుంటుంది, గుడ్డు గుండ్రంగా వుంటుంది. మిగతా కథంతా ఆ చిక్కులోంచి పుట్టిందే.

ముందు అసలు పద్ధతి చూద్దాం. పుల్ల చివర చిన్న ఇత్తడి గరాటు బిగించిన పనిముట్టు ఒకటి వుంటుంది. దాన్ని కొవ్వొత్తి మంటలో వేడిచేసి తేనెమైనానికి తాకిస్తే, మైనం కరిగి గరాటులోకి చేరుతుంది. తెల్లగా మిగలవలసిన గీతలన్నీ ముందుగా తెల్లగుడ్డు మీద ఆ మైనంతో గీసి, పసుపు రంగులో ముంచుతారు. పసుపుగా మిగలవలసిన చోట మళ్ళీ మైనం. తరువాత నారింజ, ఆ తరువాత ఎరుపు, చిట్టచివరకు నలుపు. అప్పటికి గుడ్డు బొగ్గుల కుంపటిలోంచి తీసినట్టు, చేత్తో పట్టుకోబుద్ధి కాకుండా వుంటుంది. దాన్ని మంట పక్కన పట్టి, కరిగిన మైనాన్ని మెత్తని బట్టతో తుడిస్తే అంతవరకూ దాగివున్న రంగులు ఒక్కొక్కటే బయటపడతాయి. మన కలంకారీలో నీలి అంటకూడని చోట మైనం పూసే పాత పద్ధతి ఎరిగినవారికి ఈ కిటుకు కొత్త కాదు.

దీనిలో క్షమాపణ లేదు. మైనం తప్పు చోట పడితే పడ్డట్టే. తెర మీద అయితే కంట్రోలు, జెడ్ అనే రెండు మీటలు కలిపి నొక్కితే జరిగిన తప్పు జరగనట్టే అయిపోతుంది. సంసారంలో కూడా ఆ రెండు మీటలు వుంటే బాగుండునని అనుకోని వాళ్ళెవరు!

పెంకు మీది బొమ్మను మరోచోట ఎత్తి రాసుకోవడం కంప్యూటరుతో మొదలైన పని కాదు. లుబ్నీ పట్టణం దగ్గర కతెరినా స్కర్జిన్‌స్కా అనే సంపన్నురాలు తన స్వంత ప్రదర్శనశాలలో రెండువేలకు పైగా పిసాంకాలు సేకరించింది. వాటి బొమ్మలను సేర్హి కుల్జిన్‌స్కీ 1899లో రంగుల పలకలతో పుస్తకంగా అచ్చువేయించాడు. సోవియట్ పాలన వచ్చాక ఇది మతాచారమని అణచివేతకు గురి అయింది. ఆ సేకరణలోని గుడ్లు చాలావరకు ఇప్పుడు లేవు. పుస్తకం వున్నది కనుక ఆ బొమ్మలు వున్నాయి. తెర మీద గుడ్లు రాయడం పిల్లల ఆటగా కొట్టిపారెయ్యడానికి నాకు మనసొప్పకపోవడం అందువల్లనే.

ఇక తెర మీది పని. ఫోటోషాప్ 1990 నుంచి వున్నది, కాని దానికి డబ్బు కట్టాలి. గింప్, ఇంక్‌స్కేప్ అనే రెండు ప్రోగ్రాములు ఎవరికైనా ఉచితం. ముందు నిలువు కోడి గుడ్డు ఆకారం గీసి, పై కొసను కొంచెం సన్నం చేయాలి. ఈ ప్రోగ్రాములన్నిటికీ ప్రాణం పొరలు. గాజు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క బొమ్మ వేసుకున్నట్టు ఊహించండి. అడుగు పలక మీద గుడ్డు రంగు, దాని పైన బొమ్మ, అన్నిటికంటె పైన వెలుగునీడలు. ఎడమవైపు పైన ఒక తెల్లని మెరుపు, కుడివైపు కింద మెల్లగా చిక్కబడే నీడ వుండాలి. నీడ పొరను ‘మల్టిప్లై’ అనే పద్ధతిలో వుంచితే కింది బొమ్మ చెరగకుండానే నల్లబడుతుంది. కొత్తవాళ్ళు ఈ నీడ మరిచిపోతారు. అప్పుడది గుడ్డు కాదు, రంగు వేసిన అప్పడం.

ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పొర కేటాయిస్తే మరో లాభం వుంది. పసుపులో ముంచిన తరువాత గుడ్డు ఎలా వుంటుందో, ఎరుపు తరువాత ఎలా వుంటుందో ముందే చూసుకోవచ్చు. నిజం గుడ్డు మీద మైనం పట్టేవారికి ఇది గొప్ప సాయం.

2018లో వచ్చిన గింప్ 2.10లో ఒకచోట గీత గీస్తే చుట్టూ ఆరుచోట్లో ఎనిమిదిచోట్లో అదే గీత దానంతటది పడే సదుపాయం వున్నది. మన ఇళ్ళ ముందు చుక్కలు పెట్టి నాలుగువైపులా సమంగా ముగ్గు తిప్పే ఆడవాళ్ళు దీన్ని చూస్తే, ఇందుకొక యంత్రం కావాలా అని నవ్వుతారు.

ఇంతవరకూ గుడ్డు బొమ్మ మాత్రమే. దాన్ని కాగితం మీద అచ్చువేసి నిజం గుడ్డుకు చుట్టి చూడండి, అసలు సంగతి తెలుస్తుంది. నడుము దగ్గర కాగితం అతుక్కుంటుంది, కొసల దగ్గర ముడతలు పడుతుంది. భూగోళం బొమ్మలు చేసేవాళ్ళు దీనికి ఏనాడో ఉపాయం కనిపెట్టారు. 1507లో వాల్ట్‌సీముల్లర్ తన ప్రపంచపటాన్ని 12 ముక్కలుగా, కమలాఫలం తొనల ఆకారంలో అచ్చువేశాడు. మనమూ అదే చెయ్యాలి. నూలుపోగుతో గుడ్డు నడుము కొలవండి. మా ఇంటి గుడ్డు 13.8 సెంటీమీటర్లు వచ్చింది, ఈ కొస నుంచి ఆ కొసకు 8 సెంటీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన తెర మీద 1630 చుక్కల వెడల్పు, 945 చుక్కల ఎత్తు గల చట్రం కావాలి. దాన్ని 12 తొనలు చేస్తే ఒక్కొక్కటి నడుము దగ్గర పదకొండున్నర మిల్లీమీటర్లు, కొసల దగ్గర సున్న. ఒకే పువ్వును చట్రమంతా పరిస్తే నడుము దగ్గర పువ్వు పువ్వులా వుంటుంది, కొస దగ్గర చిక్కి మొగ్గయిపోతుంది.

ఇప్పుడు పాత పిసాంకాలను మళ్ళీ చూడండి. నడుముకు ఒక పట్టీ. నిలువుగా కొసల దాకా సాగే గీతలు. వాటి మధ్య కొసలవైపు సన్నబడే త్రికోణాలు. నలభై త్రికోణాల నమూనా అని ఒకటి ప్రసిద్ధం, ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసానికి గుర్తని దానికి అర్థం చెబుతారు. అర్థం సరే, అందులో క్షేత్రగణితం కూడా వున్నది. ఎక్కడ ఎంత వెడల్పు వుంటే అక్కడ అంతే బొమ్మ. బడి మొహం చూడని అవ్వలు కంటి కొలతతో చేసిన పని అది.

చేతిలో ఇమిడే గుడ్డుకే ఇంత లెక్క వుంటే మూడంతస్తుల గుడ్డుకు ఎంత వుండాలి? కెనడాలో ఆల్బర్టా రాష్ట్రానికి 1890ల నుంచి ఉక్రెయిన్ రైతులు వలసవచ్చి స్థిరపడ్డారు. అక్కడి వెగ్రెవిల్ అనే ఊళ్ళో, ఆ ప్రాంతానికి కెనడా గుర్రపు పోలీసులు వచ్చి నూరేళ్ళయిన సందర్భంలో, 1975లో ఒక బ్రహ్మాండమైన పిసాంకా నిలబెట్టారు. పొడవు 25.7 అడుగులు, వెడల్పు 18.3, పీఠంతో కలిపి ఎత్తు 31 అడుగులు. దీన్ని రూపొందించినవాడు యూటా విశ్వవిద్యాలయంలో కంప్యూటరు పరిశోధకుడు రోనాల్డ్ రెష్. గుడ్డు పైతలానికి రెడీమేడ్ సూత్రం దొరక్క, ఆయన కంప్యూటరు సాయంతో కొత్త దారి వేసుకున్నాడు. 2,208 సమబాహు త్రికోణాలు, 524 నక్షత్రాకారపు రేకులు, అన్నీ అల్యూమినియమే. త్రికోణాలన్నీ ఒకే కొలత. నక్షత్రాలు మాత్రం చోటునుబట్టి ఆకారం మార్చుకుంటాయి. రేకుకూ రేకుకూ మధ్య వంపు నడుము దగ్గర ఒక డిగ్రీ కూడా లేదు, కొస దగ్గర ఏడు డిగ్రీలు. బంగారు, వెండి, కంచు రంగులతో మెరిసే ఆ రెండున్నర టన్నుల గుడ్డు గాలివాటాన్నిబట్టి తిరుగుతుంది. ఫోటోషాప్ రావడానికి పదిహేనేళ్ళ ముందటి సంగతి ఇది!

మీ ఇంట్లో ప్రయత్నం చేసేవారికి రెండు ముక్కలు. తొనలు అచ్చువేసేముందు చుట్టూ మిల్లీమీటరు మించి అంచు వదలకండి, అంచు మీద అంచు ఎక్కితే గుడ్డు గరుకుతేలుతుంది. కాగితం పలచనిదై వుండాలి. గుడ్డుకు రెండు కొసలా సూదితో బెజ్జం చేసి, లోపలి సొన ఊది తీసేసి, కడిగి ఆరబెట్టుకోవాలి. గుడ్డు ముట్టని ఇళ్ళవాళ్ళు చెక్కగుడ్డు చేయించుకోవచ్చు. అంకుడు కర్రతో బొమ్మలు తరిమెన పట్టే ఏటికొప్పాక పనివారికి అదొక లెక్కలోనిది కాదు. కోడిగుడ్డే వాడేవారి ఇంట్లో ఆ పూట పిల్లలకు అట్టు ఖాయం. మా ఇంట్లో నాలుగు గుడ్లు పగిలి, అయిదోది నిలిచింది.