మంద ఒకటియా, పెక్కా?

దమ్మపేట వైపు అడవి అంచున మేసి యిల్లు చేరు పసులను చూచి "మంద వస్తున్నది" అందుము. పసులు ఎన్ని యున్నను క్రియ ఏకవచనమే. ఆంగ్లమున సమూహవాచకములకు మొదటి సూత్రమును ఇదియే: 'హెర్డ్' అన్నచో 'ఈజ్'. మందలు రెండైనచో, పామాయిలు తోటలోని గెల గెలలైనట్లు, 'హెర్డ్స్ ఆర్'. ఇంతవరకు చిక్కు లేదు.

పిల్లలకు మార్కు పోవునది 'కాటిల్' వద్ద. చూచుటకు ఏకవచనమువలె నుండును. అయినను 'కాటిల్ ఆర్' అనియే వ్రాయవలెను. 'పోలీస్' సంగతియు నంతే. వీనిని కంఠస్థము చేయుటే మేలని మా అభిప్రాయము.

ఆలోచింపవలసినది 'కమిటీ', 'టీమ్', 'ఫ్యామిలీ' వంటి మాటల విషయము. కమిటీ ఏకముఖముగ తీర్మానించినచో 'ది కమిటీ హాజ్ డిసైడెడ్'. సభ్యులు తమలో తాము వాదులాడుచున్నచో 'ది కమిటీ ఆర్ ఆర్గ్యూయింగ్' అని బ్రిటిషువారు వ్రాయుదురు. అమెరికనులు సాధారణముగ ఏకవచనమును విడువరు. కావున పిల్లవాడు 'ఆర్' వ్రాసినంతనే తప్పని కొట్టివేయకుడని తలిదండ్రులకు మా మనవి. ఒకే వాక్యమున ఒకమారు 'ఈజ్' అని, వెంటనే 'దెయిర్' అనినచో మాత్రము దిద్దవలసినదే.

ఈ భేదము తెలుగు చెవికి కొత్తది కాదు. సంతలో "జనం పలచగా ఉన్నది" అందుము. ఆ జనమే యిండ్లకు మరలినప్పుడు "జనం వెళ్ళిపోయారు" అందుము. మొదట కన్నులకు కనబడినది గుంపు, పిదప మనుష్యులు.