నార బలము

చల్లపల్లి నుండి అవనిగడ్డ వైపు పోవునపుడు కృష్ణ లంకలలో అరటితోటలు కానవచ్చును. గెల కోసిన పిమ్మట చెట్టుతో పని తీరినది. బోదెను నరికి గట్టున పడవేయుదురు. పూలు కట్టువారు మాత్రము దానిలోని నారను మరువరు. ఆ నారయే నేడు ఇంజనీర్ల పరీక్షకు వచ్చినది.

రెండు పదార్థములను కలిపి, రెంటికంటె మేలైన మూడవదానిని సాధించుట మనకు క్రొత్త గాదు. గోడ పెట్టువాడు మట్టిలో గడ్డి వేసి త్రొక్కించినది ఇందులకే. మట్టి బరువునకు ఓర్చును గాని లాగుడుకు ఓర్వదు. గడ్డిపరక ఆ లాగుడును తాను పట్టి, బీటను పెరుగనీయదు. మట్టికి మారుగ పాలియెస్టరు రెజినును, గడ్డికి మారుగ నారను ఉంచినచో నేటి మిశ్రమ పదార్థమగును.

నారకు బలమిచ్చునది సెల్యులోజు. దాని సన్నని పోగులు కణపు గోడలో మెలికగా చుట్టుకొని యుండును. గోనెసంచుల జనపనారలో (మన చేల జనుము వేరు) ఈ మెలిక దాదాపు నిలువుగా నుండుటచే అది బిగువుగా నిలుచును, సాగదు. కొబ్బరిపీచులో మెలిక వాలుగా నుండును. బలము తక్కువ, కాని తెగులోపల నూటికి 15 పాళ్లకు మించి సాగును. బరువు మోయుటకు మొదటిది, దెబ్బకు ఓర్చుటకు రెండవది తగును. గాజుపోగు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.5 గ్రాములు కాగా, నారలది 1.2 మొదలు 1.5 వరకే.

చిక్కు నీటితో వచ్చును. నార తేమను పీల్చి ఉబ్బును, రెజిను పీల్చదు. రెంటి నడుమ సందు ఏర్పడినచో పలక బలము పోయినట్లే. అందుచే నారను పలుచని కాస్టిక్ సోడా నీట ఉంచి కడుగుదురు. పైపూత పోయి, పట్టు కుదురును. 200 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడికి మాత్రము నార నిలువదు.

విజయవాడ చెంత కానూరులోని సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల అధ్యాపకులు వక్క, ఈత, వెదురు నారలను తీసి, లాగి పరీక్షించి, 2007లో ఫలితములు ప్రకటించిరి. పిదప జొన్నదంటు నారతోను పలకలు చేసిరి. అవి వెదురు పలకలకు ఇంచుమించు సాటి వచ్చినవి. తూర్పు జర్మనీలో 1957 నుండి తయారైన ట్రబాంట్ కారు పైతొడుగు కూడ పత్తిపీచును రెజినుతో అదిమి చేసినదే.

కావున తలుపు పలకకు, లోకప్పునకు, కారు లోపలి అట్టకు ఈ నారలు చాలును. వానలో తడియు దూలమునకు వీనిని నమ్మరాదని నా తలంపు. ఇక రైతుకు దక్కునదెంత? అరటి బోదెలో నూటికి 90 పాళ్లు నీరే. దానిని బండికెత్తి పట్నమునకు తోలినచో నీటికే కిరాయి కట్టినట్లగును. నార తీయు యంత్రము తోట గట్టునకే రావలెను.