లార్చ్ వృక్షం: మందా, పీచా?

దేవదారు, సరళ వృక్షాల కుటుంబానికే చెందినది లార్చ్. సూదుల వంటి ఆకులుగల ఈ జాతి చెట్లు సాధారణంగా ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. లార్చ్ మాత్రం శరత్తులో బంగారువన్నెకు తిరిగి, శీతకాలానికి మోడువారుతుంది. నేల గడ్డకట్టి వేళ్ళకు నీరందని రోజుల్లో ఆకులు లేకపోవడమే దానికి రక్ష. అందుకే సైబీరియాలో విస్తారంగా పెరుగుతుంది. మనదేశంలో సిక్కిం, అరుణాచల్ ప్రదేశ్ పర్వతాలపై ఒక రకం ఉన్నది.

దీని కలప తేమకు సులభంగా చివికిపోదు. ఐరోపాలో ఇళ్ళకు, పడవలకు వాడుతూ వచ్చారు. మాను తొలిచి తీసే జిగురు 'వెనిస్ టర్పెంటైన్'. పూర్వం పైపూతలలో కలిపేవారు. టర్పెంటైన్‌ను లోనికి పుచ్చుకోరాదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

లార్చ్ పేరిట అమ్మే పొడి వేరు. అది ఉత్తర అమెరికా రకపు కలపనుండి తీసే 'అరబినోగలాక్టన్' అనే పీచు. నీటిలో కరుగుతుంది, మనకు జీర్ణం కాదు, పెద్దప్రేగులోని సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. ఇంతవరకు మంచిదే. రోగనిరోధకశక్తిని పెంచుతుందన్న ప్రచారానికి మాత్రం ఆధారాలు స్వల్పం. కొందరికి కడుపుబ్బరం కలుగుతుంది. అవయవమార్పిడి జరిగినవారు, నిరోధకశక్తిని అణచే మందులు వాడేవారు వైద్యుని అడగనిదే తీసుకోరాదు. దేవదారు చూర్ణానికిది ప్రత్యామ్నాయం కాదు. పీచుకోసమే అయితే, తగినంత నీటితో తీసుకునే ఇసబ్‌గోల్ మన అంగళ్ళలోనే దొరుకుతుంది.