వీధిలో గాజు తీగ ఎవరు వేయవలెను?

ఒకే వీధిలో రెండు మంచినీటి గొట్టములు పక్కపక్కన పాతి, రెండు కంపెనీలవారు ఇంటింటికి తిరిగి తమ నీరే కొనుడని పోటీపడుట మనమెక్కడను చూడము. ఇందుకు కారణము నీటిలో లేదు, గొట్టములో ఉన్నది. గొట్టము పాతుటకు అగు ఖర్చు, ఎన్ని ఇండ్లవారు కొళాయి పెట్టించుకొన్నను ఇంచుమించు ఒక్కటే. మొదటి గొట్టము వేసినవారే ఆ ఖర్చు రాబట్టుకొనుటకు ఏండ్లు పట్టును. వీధిలో సగము ఇండ్లు మాత్రమే దక్కునని తెలిసి రెండవ గొట్టము వేయుటకు ఎవరు సాహసింతురు? అర్థశాస్త్రజ్ఞులు ఇట్టి స్థితిని సహజ గుత్తాధిపత్యమందురు. మంచినీరు, మురుగు కాలువ, వీధి దీపములు అనేక దేశములలో పురపాలక సంఘముల చేతిలో ఉండుటకు ఇది ముఖ్యమైన కారణము.

ఇంటింటికి ఇంటర్నెట్ తెచ్చు గాజు తీగ, అనగా మనము వాడుకలో ఫైబర్ అనునది, ఈ కోవలోనిదేనా? అయినచో దానిని తానే వేసికొనుటకు ఒక ఊరికి హక్కు కలదా? ఈ ప్రశ్నలపై అమెరికాలో నగరములకు, కంపెనీలకు, రాష్ట్ర శాసనసభలకు నడుమ చాల కాలముగా తగవు నడచుచున్నది. టెన్నెసీ రాష్ట్రములోని చాటనూగా నగరము ఆ తగవునకు కేంద్రము. తగవు అర్థము కావలెనన్న ముందుగా ఆ తీగ గుణములు కొంత తెలియవలెను.

గాజు తీగ నడుమనున్న భాగము వ్యాసము మిల్లీమీటరులో నూరవ వంతుకంటె కొంచెము తక్కువ. దానిని చుట్టి మరియొక గాజు పొర కలదు. ఈ పొర వక్రీభవన గుణకము లోపలిదానికంటె అత్యల్పముగా తక్కువ. అందుచే లోపల ప్రవేశించిన కాంతి అంచును తాకినప్పుడు బయటికి పోక సంపూర్ణాంతర పరావర్తనము చెంది ముందుకు సాగిపోవును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ప్లాస్టిక్ సీసా పక్కను చిన్న రంధ్రము చేసి, నీటితో నింపి, ఎదుటి పక్కనుండి లేసర్ కాంతిని రంధ్రము గుండా పంపినచో, వంగి పడుచున్న నీటి ధారను అనుసరించి కాంతియు వంగును. పిల్లల కన్నులలో లేసర్ కాంతి పడకుండ జాగ్రత్త వహింపవలెను.

సంకేతములకు వాడు పరారుణ కాంతి నేటి గాజు తీగలో సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణించిన తరువాత కూడ సగము మిగిలి ఉండును. రాగి తీగలో అట్లు కాదు. సంకేతపు పౌనఃపున్యము పెరిగినకొలది అది త్వరత్వరగా క్షీణించును. కావుననే పాత టెలిఫోను తీగపై వచ్చు ఇంటర్నెట్, కేంద్రమునకు దగ్గరనున్న ఇంటిలో వేగముగాను, నాలుగైదు కిలోమీటర్ల దూరమున నీరసముగాను ఉండెడిది.

ఇంకొక విశేషము. కేంద్రమునుండి వచ్చిన ఒక్క గాజు తంతువును వీధి మొగలో 32 ఇండ్లకు పంచవచ్చును. పంచెడి పరికరమునకు విద్యుత్తు అక్కరలేదు, అది కాంతిని 32 పాళ్లు చేయు చిన్న గాజు కూడలి మాత్రమే. కేంద్రము పంపినది అన్ని ఇండ్లకు చేరును. ఏ ఇంటి పెట్టె ఆ ఇంటికి చెందిన భాగమునే విప్పుకొనును. ఇండ్లనుండి తిరుగు సంకేతములు మాత్రము వంతులవారీగా పోవలెను. ఉపాధ్యాయుడు తరగతికంతకు ఒక్కసారిగా చెప్పుట, పిల్లలు హాజరు పిలిచిన వరుసను ఒక్కొక్కరే పలుకుట వంటిది ఇది.

వీటన్నిటివలన తేలునదేమనగా, తీగ వేగము తీగలో కంటె దాని రెండు కొనలనున్న పెట్టెలపై ఎక్కువగా ఆధారపడి ఉన్నది. పెట్టెలు మార్చినచో వేగము పెరుగును, తీగ అదే ఉండును. చాటనూగాలో 2010లో సెకనుకు 1 గిగాబిట్ వేగము ఇచ్చిరి. 2015లో 10 గిగాబిట్లు, 2022లో 25 గిగాబిట్లు అందుబాటులోనికి తెచ్చిరి. ఇందుకై ఊరంతయు మరల త్రవ్వలేదు. గాజు ధరయు పెద్దది కాదు. ఖర్చంతయు త్రవ్వకములో, స్తంభములలో, కూలిలో, అనుమతులలో ఉన్నది. స్తంభములు ఎవరివో వారికి సగము పని ముందే అయినట్లు.

చాటనూగా టెన్నెసీ నది ఒడ్డునున్న పారిశ్రామిక నగరము. 1969లో అమెరికాలోకెల్ల మలినమైన గాలిగల నగరమని దీనికి అపకీర్తి వచ్చినది. అక్కడ విద్యుత్తును ప్రైవేటు కంపెనీ గాక, 1935లో ఏర్పడిన నగర విద్యుత్ బోర్డు పంపిణీ చేయుచున్నది. 1933లో కేంద్ర ప్రభుత్వము స్థాపించిన టెన్నెసీ లోయ అధికార సంస్థనుండి విద్యుత్తును టోకుగా కొని, ఈ బోర్డు ఇంటింటికి అందించును. కావున నగరములోను, చుట్టుపట్ల సుమారు 600 చదరపు మైళ్ల ప్రాంతములోను ప్రతి ఇంటి ముందు బోర్డు స్తంభము ముందునుండియే ఉన్నది.

బోర్డు గాజు తీగను ఇంటర్నెట్ కొరకు మాత్రమే కోరలేదు. విద్యుత్తు కొరకును కోరినది. చెట్టు కొమ్మ విరిగి తీగపై పడినదనుకొందము. పాత పద్ధతిలో ఆ మార్గములోని వేలాది ఇండ్లు ఒక్కసారిగా చీకటిలో మునుగును. పనివారు బండిలో వెళ్లి, తెగినచోటు వెదకి, సరిచేయవలెను. క్రొత్త పద్ధతిలో మార్గము పొడుగునను స్వయముగా పనిచేయు స్విచ్చులు ఉండును, చాటనూగాలో ఇట్టివి సుమారు 1,200 అమర్చిరి. అవి గాజు తీగ ద్వారా క్షణములో ఒకదానితో ఒకటి సంప్రదించుకొని, దెబ్బతిన్న ముక్కకు ఇరువైపుల మార్గము తెంచి, మిగిలిన ఇండ్లకు మరియొక దిక్కునుండి విద్యుత్తు మళ్లించును. చీకటి ఆ ముక్కలోని ఇండ్లకే పరిమితమగును. ఇదంతయు జరుగుటకు స్తంభములపై వేగమైన వార్తా మార్గము కావలెను. అది వేసిన తరువాత, విద్యుత్తు అవసరములకు దానిలో చాల స్వల్ప భాగమే చాలును. మిగిలినది ఇండ్లకు ఇంటర్నెట్‌గా అమ్మవచ్చునని బోర్డు నిశ్చయించినది.

ఇందుకు బోర్డు ఋణపత్రములమ్మి సుమారు 22 కోట్ల డాలర్లు తెచ్చినది. 2009లో ఆర్థిక మాంద్యమును ఎదుర్కొనుటకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన పథకమునుండి మరి 11 కోట్ల 15 లక్షల డాలర్ల గ్రాంటు లభించినది. చాటనూగాను ఆదర్శముగా చూపువారు ఈ రెండవ అంకెను తరచు మరచిపోవుదురు. ప్రతి ఊరికి అంత అదృష్టము పట్టదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. ఈ అంకెలు ఊహించినవి, విద్యార్థులు తమకు తోచిన అంకెలతో మరల చేయవచ్చును. ఒక పట్టణములో 10,000 ఇండ్లు కలవు. ఇంటికి 8,000 రూపాయల చొప్పున 8 కోట్ల ఖర్చుతో తీగ అన్ని ఇండ్ల ముందునుండి పోయినది. చేరదలచిన ఇంటిలో పెట్టె బిగించుటకు మరి 4,000 రూపాయలు. సగము ఇండ్లు చేరినచో, ముందు పెట్టిన 8 కోట్లు 5,000 ఇండ్లపై పడును, పెట్టెతో కలిపి ఒక్కొక్క ఇంటికి 20,000 రూపాయలు. 2,000 ఇండ్లే చేరినచో 44,000. అందరును చేరినచో 12,000 మాత్రమే. నడుపు ఖర్చులు పోగా ఇంటినుండి నెలకు 300 రూపాయలు మిగులునని తలచి, వడ్డీని వదలివేసినను, సగము చేరిన ఊరిలో అయిదున్నర ఏండ్లలో అప్పు తీరును. అయిదవ వంతు చేరిన ఊరిలో పండ్రెండు ఏండ్లు దాటును. వడ్డీ కలిపిన ఇంకను పొడుగగును. అంతలో కొనలనున్న పెట్టెలు పాతబడి మార్చవలసి వచ్చును.

ఊరి నిర్ణయము తప్పినప్పుడు ఏమగునో యూటా రాష్ట్రములోని ప్రోవో పట్టణము చూపినది. అక్కడ పురపాలక సంఘము సుమారు 3 కోట్ల 90 లక్షల డాలర్ల అప్పుతో గాజు తీగ వేసినది. కాని 2001 నాటి రాష్ట్ర శాసనము ప్రకారము నగరము ఇండ్లకు నేరుగా సేవ అమ్మరాదు, మధ్యనున్న కంపెనీలకు టోకుగా ఇవ్వవలెను. ఆ కంపెనీలు నిలదొక్కుకొనలేదు. తుదకు 2013లో నగరము ఆ ఏర్పాటునంతయు గూగుల్ సంస్థకు ఒక్క డాలరునకు అమ్మినది. అప్పు మాత్రము ఊరివారిదే. ఇంటర్నెట్ తీసికొన్నను, తీసికొనకున్నను, ప్రతి ఇంటివారును నెలకు 5 డాలర్ల 35 సెంట్లు విద్యుత్ బిల్లుతోపాటు చెల్లింపవలసి వచ్చినది. కంపెనీ నష్టపోయినచో వాటాదారులు నష్టపోవుదురు, నగరము నష్టపోయినచో తీగతో సంబంధము లేని వృద్ధురాలు కూడ నష్టపోవును. నగరములను వ్యతిరేకించువారి వాదములలో నాకు బలమైనదిగా తోచునది ఇదియే.

వారి మరియొక వాదము, నగరముతో పోటీ న్యాయమైన పోటీ కాదని. స్తంభముపై తీగ కట్టుటకు అనుమతి ఇచ్చువారే తామును తీగ కట్టి అమ్మినచో ఎట్లు? విద్యుత్ బిల్లుల సొమ్ముతో ఇంటర్నెట్ ధర తగ్గింపరాదని టెన్నెసీ శాసనము నిషేధించినది. అయినను 2007, 2008 సంవత్సరములలో కేబుల్ కంపెనీల పక్షమున చాటనూగా బోర్డుపై దావాలు పడినవి, అవి నిలువలేదు. 2010 సెప్టెంబరులో బోర్డు తన ప్రాంతములోని ప్రతి ఇంటికి 1 గిగాబిట్ సేవ ప్రకటించినది. అప్పటి ధర నెలకు 350 డాలర్లు. కొన్ని ఏండ్లలో అది 70కి దిగినది. చేరినవారి సంఖ్య పెరిగినకొలది ధర ఎట్లు దిగునో పై లెక్కలో చూచితిమి.

తరువాతి తగవు సరిహద్దుపై వచ్చినది. మున్సిపల్ విద్యుత్ బోర్డు తన విద్యుత్ ప్రాంతము దాటి ఇంటర్నెట్ అమ్మరాదని రాష్ట్ర శాసనము. సరిహద్దు కావలనున్న గ్రామములవారు తమకును ఇమ్మని కోరుచుండిరి. 2014లో చాటనూగా బోర్డును, ఉత్తర కరోలినాలోని విల్సన్ నగరమును కేంద్ర సమాచార ప్రసార కమిషన్‌ను ఆశ్రయించినవి. కమిషన్ 2015 ఫిబ్రవరి 26న మూడు ఓట్లకు రెండు ఓట్లుగా చీలి, ఆ రాష్ట్ర శాసనములు చెల్లవనినది. రాష్ట్రములు న్యాయస్థానమునకు వెళ్లినవి. 2016 ఆగస్టు 10న అప్పీలు న్యాయస్థానము కమిషన్ ఉత్తర్వును కొట్టివేసినది. నగరములు రాష్ట్రములు సృష్టించిన సంస్థలు, వానికి ఏ అధికారము ఉండవలెనో రాష్ట్రము నిర్ణయించును, అందు జోక్యము చేసికొనుటకు కేంద్ర శాసనము కమిషన్‌కు స్పష్టమైన అధికారము ఇయ్యలేదు అని తీర్పు సారాంశము. గాజు తీగ మంచిదా కాదా అను ప్రశ్న జోలికి న్యాయస్థానము పోలేదు.

ఈ నడుమ విల్సన్ నగరము పొరుగుననున్న పైన్‌టాప్స్ అను చిన్న ఊరికి తీగ వేసినది. తీర్పుతో దానిని తెంపవలసి వచ్చెడిది. 2017లో శాసనసభ ఆ ఊరికి ప్రత్యేకముగా సడలింపు ఇచ్చినది. అయితే ప్రైవేటు కంపెనీ వచ్చి అచట గాజు తీగ వేసినచో విల్సన్ తప్పుకొనవలెనని షరతు పెట్టినది.

కొలరాడో రాష్ట్రము వేరొక దారి పట్టినది. అక్కడ 2005 నాటి శాసనము ప్రకారము ఊరు ముందుగా ప్రజల ఓటు తీసికొనవలెను. లాంగ్‌మాంట్ నగరములో 1997 నుండి గాజు తీగ వలయము ఒకటి ఉన్నను, దానితో ఇండ్లకు సేవ ఇచ్చు ప్రతిపాదన 2009లో ఓడిపోయినది. 2011లో అదే నగరము సమ్మతించినది. 2013లో ఋణపత్రములకు కూడ ఓటు వేసినది. ఓటు నియమమును రాష్ట్రము 2023లో రద్దుచేసినది.

చాటనూగా విషయములో పాఠశాలలవారికి ఆసక్తి కలిగించు సంగతి 2020లో జరిగినది. కోవిడ్ వలన బడులు మూతపడగా, ఇంటిలో ఇంటర్నెట్ లేని పిల్లలు చదువునకు దూరమైరి. బోర్డు, స్థానిక పాఠశాలల శాఖ, దాతలు కలిసి, బడిలో ఉచితముగా గాని తగ్గింపు ధరకు గాని భోజనము పొందుటకు అర్హులైన సుమారు 28,000 మంది విద్యార్థుల ఇండ్లకు పదేండ్లపాటు ఉచితముగా సెకనుకు 100 మెగాబిట్ల సేవ ఇచ్చుటకు పూనుకొనిరి. ఇది ఎట్లు వీలైనదో పై లెక్క చూచినవారికి తెలియును. తీగ ఆ ఇంటి ముందు ముందే ఉన్నది. మిగిలినది రెండవ ఖర్చు, అనగా 4,000 రూపాయల వంటి ఖర్చు మాత్రమే. తీగ లేని ఊరిలో అదే నిర్ణయము తీసికొనవలెనన్న మొదట 8 కోట్లు వెదకవలసి వచ్చెడిది.

మన వైపున పరిస్థితి వేరు. స్తంభముల ఉపాయము మనకును తెలియనిది కాదు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ గాజు తీగను చాలవరకు విద్యుత్ స్తంభములపైనే పరచిరి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని ప్రారంభించిరి. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే గాజు తీగకు గొట్టము వేసిరి, త్రవ్వకము ఒక్కసారి, ఉపయోగము రెండు. కాని ఈ రెండును రాష్ట్ర ప్రభుత్వముల నిర్ణయములు. రాజ్యాంగము టెలిఫోను, తంతి మొదలగువానిని కేంద్ర జాబితాలో ఉంచినది. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 అంశములలో నీరు, రోడ్లు, వీధి దీపములు ఉన్నవి, ఇంటర్నెట్ లేదు. మన పట్టణములలో విద్యుత్ స్తంభములును పురపాలక సంఘమువి కావు, పంపిణీ సంస్థలవి. పురపాలక సంఘము చేతిలో మిగిలినది రోడ్డు త్రవ్వుకొనుటకు ఇచ్చు అనుమతి, త్రవ్విన రోడ్డును మరల పూడ్పించు బాధ్యత.