సానియా మీర్జా – జంట ఆటలో అగ్రపీఠం

కబడ్డీ ఆడడానికి గీత గీసిన నేల చాలు; ఖోఖో ఆడడానికి ఊరి పిల్లలు చాలు. కనుకనే కడప జిల్లా తుమ్మలపల్లె మొదలుకొని కర్నూలు జిల్లా పొలిమేరల వరకు మెట్ట గ్రామాలన్నింటిలో ఈ ఆటలు నిలిచి ఉన్నాయి. టెన్నిస్ అటువంటి ఆట కాదు. 78 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు గల చదునైన కోర్టు, దాని నడుమ వల, తరచుగా తీగలు మార్చవలసిన రాకెట్టు, కొద్దిసేపు ఆడగానే బిగువు తగ్గిపోయే బంతులు, వీటన్నింటికి మించి ఏళ్ళ తరబడి వెన్నంటి ఉండే శిక్షకుడు కావాలి. అందువల్ల ఈ క్రీడ మన దేశంలో చాలాకాలం నగరాల క్లబ్బులకే పరిమితమైంది.

రాయలసీమలో ఈ స్థితి ఇటీవల కొంత మారింది. 2010లో స్పెయిన్ క్రీడాకారుడు రఫెల్ నాదల్ నెలకొల్పిన సంస్థ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి అనంతపురంలో పేద పిల్లల కోసం టెన్నిస్ పాఠశాలను ప్రారంభించింది. కర్నూలుకు చెందిన షేక్ జఫ్రీన్, పృథ్వీ శేఖర్‌తో జతకట్టి, బధిరుల ఒలింపిక్ క్రీడలలో 2017లోను, 2022లోను మిక్స్‌డ్ డబుల్స్ కాంస్య పతకాలు సాధించింది. అయితే తెలుగునాట ఒక బాలిక టెన్నిస్‌నే వృత్తిగా స్వీకరించి ప్రపంచ శిఖరాన్ని అందుకోవచ్చునన్న ఊహకు తావిచ్చినది హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా.

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో జన్మించింది. బాల్యమంతా హైదరాబాదులోనే గడిచింది. ఆరవ ఏట రాకెట్టు చేతబట్టింది. మహేశ్ భూపతి తండ్రి కృష్ణ భూపతి వద్ద తొలి పాఠాలు నేర్చింది. తండ్రి ఇమ్రాన్ మీర్జా అనంతర కాలంలో ఆమెకు ప్రధాన శిక్షకుడైనాడు. 2003లో రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ కిరీటాన్ని గెలిచింది. అదే సంవత్సరం హైదరాబాదులో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడలలో నాలుగు స్వర్ణ పతకాలు పొందింది. సొంత ఊరి ప్రేక్షకులు ఆమెను గుర్తుపట్టడం అప్పటినుండే మొదలైంది.

వృత్తి టెన్నిస్ స్వభావాన్ని ఇక్కడ కొంత తెలుసుకోవాలి. క్రీడాకారిణి ర్యాంకును గడచిన 52 వారాలలో ఆమె సాధించిన ఫలితాలను బట్టి లెక్కిస్తారు. నిరుడు ఇదే వారంలో సంపాదించిన పాయింట్లు ఈ ఏడు ఆ వారం రాగానే తొలగిపోతాయి. వాటిని మళ్ళీ గెలుచుకోవాలి. అంటే ఈ సంపాదన కుండలో దాచిన ధాన్యం వంటిది కాదు. ఏటికేడు తిరిగి పండించవలసిన పంట. వర్షం లేని ఏడు రైతు గతి ఏమో, గాయపడిన ఏడు టెన్నిస్ క్రీడాకారిణి గతి అదే. సానియా జీవితంలోని మలుపులను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క నియమం ముఖ్యం.

2005వ సంవత్సరం ఆమెది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడవ రౌండుకు చేరి, సెరెనా విలియమ్స్ చేతిలో 1–6, 4–6 తేడాతో ఓడింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం వెళ్ళిన భారతీయ మహిళ అంతకుముందు లేదు. ఫిబ్రవరిలో హైదరాబాదు ఓపెన్ ఫైనల్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కింది. మార్చిలో దుబాయిలో, అప్పటి యు.ఎస్. ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను వరుస సెట్లలో ఓడించింది. సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ నాలుగవ రౌండుకు చేరింది. ఆ ఏటి ఉత్తమ నూతన క్రీడాకారిణి పురస్కారం ఆమెను వరించింది. 2006లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదుతో సత్కరించింది.

ఆమె ఆటకు ప్రాణం ఫోర్‌హ్యాండ్. చేయి వెనుకకు తీసి, చివరి క్షణంలో మణికట్టును కొరడావలె ఝళిపించి కొట్టే ఆ దెబ్బకు ప్రత్యర్థులు కదలక ముందే బంతి గీత దాటిపోయేది. పరుగులో, సర్వీసులో ఆమెకు లోపాలు లేకపోలేదు. వాటిని చాలావరకు ఈ ఒక్క దెబ్బే కప్పిపుచ్చింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచ 27వ ర్యాంకు అందుకొంది. సింగిల్స్‌లో ఆమె చేరిన అత్యున్నత స్థానం అదే.

కీర్తి వెంట విమర్శ కూడా వచ్చింది. ఆమె కోర్టులో ధరించిన దుస్తులను కొందరు తప్పుపట్టారు. జాతీయ పతాకం దాపున ఆమె పాదాలు కనిపించిన ఒక ఛాయాచిత్రంపై 2008లో వివాదం రేగింది. వరుస వివాదాలతో విసిగి, ఆ ఏడు బెంగుళూరు పోటీలో ఆడకుండా దూరంగా నిలిచింది. ఇరవై రెండేళ్ళయినా నిండని యువతి తన దేశంలో తానే ఆడలేకపోవడం విచారకరం.

అంతకంటె పెద్ద దెబ్బ లోపలినుండి తగిలింది. ఏ మణికట్టు ఆమెకు పేరు తెచ్చిందో ఆ మణికట్టే మొరాయించింది. 2008 ఏప్రిల్‌లో శస్త్రచికిత్స జరిగింది. ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి మ్యాచిలోనే నొప్పి తాళలేక ఆట మధ్యలో విరమించింది. తల దువ్వుకోవడం కూడా కష్టమైన రోజులు గడిపినట్లు ఆమె తరువాతి కాలంలో చెప్పుకొంది. ఆడని వారాల పాయింట్లు ఒక్కొక్కటిగా రాలిపోయాయి, ర్యాంకు దిగజారింది. మోకాళ్ళకు, మణికట్టుకు కలిపి ఆమెకు మొత్తం మూడు శస్త్రచికిత్సలు జరిగాయి. కోలుకొని మరికొన్నేళ్ళు సింగిల్స్ ఆడింది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో సింగిల్స్ రజతం కూడా గెలిచింది. కాని దేహం రెండు పోటీల భారాన్ని మోయలేనని స్పష్టంగా తెలిపింది. 2013లో సింగిల్స్‌కు స్వస్తి చెప్పి, డబుల్స్‌కే అంకితమైంది.

ఆనాడు పలువురు దీనిని పరాజయంగానే భావించారు. సింగిల్స్‌లో నెగ్గలేనివారు డబుల్స్ ఆడతారన్న చులకన అభిప్రాయం టెన్నిస్ లోకంలో లేకపోలేదు. అది సరికాదు. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు. డబుల్స్‌లో ఇరువైపుల నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగుతుంది. కాపాడవలసిన నేలను ఇద్దరు పంచుకొంటారు గనుక పరుగు తగ్గుతుంది. కాని ఆలోచించే వ్యవధి అంతకంటె తగ్గుతుంది. ఒకరు వెనుక గీత వద్ద, మరొకరు వల వద్ద నిలిచినప్పుడు బంతి ఎవరిదో మాటలతో పనిలేకుండా తేలిపోవాలి. భారత యుద్ధంలో అర్జునుని రథం కృష్ణుని చేతిలో నడిచింది. కర్ణుని రథాన్ని శల్యుడు నడిపాడు. విలువిద్యలో కర్ణుడు తక్కువవాడు కాడు. సారథితో మనసు కలవకపోవడం ఆతని కష్టాలలో ఒకటి. డబుల్స్ క్రీడ ఆ పర్వాన్ని తలపిస్తుంది. తోడు కుదిరితే ఇద్దరి బలం కలిసి మూడింతలవుతుంది. కుదరకపోతే ఒకరి బలం కూడా మిగలదు.

సానియాకు ఈ విద్య కొత్త కాదు. 2009లోనే మహేశ్ భూపతితో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది. అది ఆమె తొలి గ్రాండ్‌స్లామ్ టైటిల్. 2012లో అదే జోడీ ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. 2014లో బ్రెజిల్ క్రీడాకారుడు బ్రూనో సోరెస్‌తో యు.ఎస్. ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌ను చివరి టైబ్రేక్‌లో 11–9తో చేజిక్కించుకొంది. ఆ సంవత్సరమే ఇంచియాన్ ఆసియా క్రీడలలో తెలుగువాడైన సాకేత్ మైనేనితో స్వర్ణం, సింగపూరులో జింబాబ్వేకు చెందిన కారా బ్లాక్‌తో సంవత్సరాంతపు డబ్ల్యు.టి.ఎ. ఫైనల్స్ టైటిల్ ఆమెకు దక్కాయి.

అసలైన సారథ్యం 2015 మార్చిలో దొరికింది. స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్ పదహారేళ్ళ వయసులోనే సింగిల్స్‌లో ప్రపంచ అగ్రస్థానం పొందిన మేధావి. రెండుమార్లు ఆటకు వీడ్కోలు చెప్పి, తిరిగి వచ్చిన వ్యక్తి. 2006లో సియోల్‌లో సానియా ఆమెను సింగిల్స్‌లో ఓడించింది కూడా. సానియా వెనుకనుండి తన ఫోర్‌హ్యాండ్‌తో ప్రత్యర్థులను తడబడేటట్లు చేస్తే, తేలివచ్చిన బంతిని హింగిస్ వల వద్ద నేర్పుగా ముగించేది. ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్ – కలిసి ఆడిన తొలి మూడు పోటీలలోను టైటిళ్ళు వచ్చాయి. 2015 ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ ర్యాంకు పొందింది. ఏ భారతీయ మహిళకూ అంతవరకు లభించని స్థానమది.

ఆ జూలైలో జరిగిన వింబుల్డన్ ఫైనల్ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ప్రత్యర్థులు రష్యాకు చెందిన ఎకతెరీనా మకరోవా, ఎలీనా వెస్నినా. తొలి సెట్టు 5–7తో పోయింది. రెండవది టైబ్రేక్‌లో చిక్కింది. మూడవ సెట్టులో రష్యా జోడీ 5–2 ఆధిక్యంతో విజయానికి ఒక్క గేము దూరంలో నిలిచింది. అక్కడినుండి సానియా, హింగిస్ వరుసగా మూడు గేములు గెలిచి స్కోరు సమం చేశారు. అప్పటికి చీకటి పడుతున్నందున ఆట నిలిపి, కోర్టు పైకప్పు మూసి, దీపాలు వెలిగించారు. ఆ విరామం ఎవరికి మేలు చేస్తుందో చెప్పలేని స్థితి. తిరిగి ఆట మొదలైన తరువాత మిగిలిన రెండు గేములనూ సానియా జోడీయే గెలిచింది. వింబుల్డన్ మహిళల డబుల్స్ కిరీటం ఒక భారతీయ వనితకు దక్కడం అదే మొదటిసారి.

అనంతరం అదే సంవత్సరం యు.ఎస్. ఓపెన్, 2016 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ వీరికి లభించాయి. 2015 యు.ఎస్. ఓపెన్ మొదలు 2016 ఫిబ్రవరి వరకు వరుసగా 41 మ్యాచిలలో వీరికి ఓటమి లేదు. ఇద్దరూ కలిసి 14 టైటిళ్ళు గెలిచారు. 2016 ఆగస్టులో ఈ జంట విడిపోయింది. (జంట విడిపోవడం డబుల్స్‌లో తరచుగా జరిగేదే, వైరంగా భావించనక్కరలేదు.) ఆ వెంటనే సిన్సినాటి ఫైనల్‌లో సానియా చెక్ క్రీడాకారిణి బార్బోరా స్ట్రిత్సోవాతో కలిసి, హింగిస్ ఉన్న జోడీనే ఓడించింది. ప్రథమ ర్యాంకులో ఆమె మొత్తం 91 వారాలు కొనసాగింది. 2015లో రాజీవ్ ఖేల్‌రత్న, 2016లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి.

ఆమెకు అందనిది ఒలింపిక్ పతకం. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు పురుషుల జోడీల ఎంపికపై తగవు చెలరేగినప్పుడు, లియాండర్ పేస్‌ను శాంతింపజేయడానికి తనను ఎరగా వాడుకొన్నారని సానియా అఖిల భారత టెన్నిస్ సంఘాన్ని బహిరంగంగానే విమర్శించింది. పురుషుల పట్టుదలల నడుమ ఒక మేటి క్రీడాకారిణి గౌరవాన్ని లెక్కకు తీసుకోని వైఖరిపై ఆమె చేసిన ఆ ప్రకటన నేటికీ చదవదగినది. 2016 రియోలో రోహన్ బోపన్నతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ సెమీఫైనల్ చేరి, కాంస్యం కోసం జరిగిన మ్యాచిలో కూడా ఓడి నాలుగవ స్థానంతో వెనుదిరిగింది. 2021లో జరిగిన టోక్యో క్రీడలలో అంకిత రైనాతో కలిసి తొలి సెట్టు 6–0తో గెలిచి, రెండవ సెట్టులో విజయపు అంచువరకు వెళ్ళి ఓడింది.

2018 అక్టోబరులో ఆమెకు కుమారుడు జన్మించాడు. మన దేశంలో తల్లి అయిన క్రీడాకారిణి ఆట ముగిసినట్లేనన్న భావన బలంగా ఉన్నది. సానియా మాత్రం 2020 జనవరిలో హోబార్ట్‌లో ఉక్రెయిన్‌కు చెందిన నాదియా కిచెనోక్‌తో బరిలో దిగి, తిరిగివచ్చిన తొలి పోటీలోనే టైటిల్ గెలిచింది. 2021 సెప్టెంబరులో ఆస్ట్రావాలో గెలిచినది ఆమె 43వ డబుల్స్ టైటిల్, చివరిది కూడా. గ్రాండ్‌స్లామ్‌లు ఆరు: మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు.

2023 జనవరిలో మెల్‌బోర్న్‌లో తన చివరి గ్రాండ్‌స్లామ్ ఆడింది. భాగస్వామి రోహన్ బోపన్న; పద్నాలుగేళ్ళ వయసులో ఆమె తొలిసారి మిక్స్‌డ్ డబుల్స్ ఆడినది అతనితోనే. ఇద్దరూ ఫైనల్ వరకు వెళ్ళి, బ్రెజిల్‌కు చెందిన లూయిసా స్తెఫానీ, రఫెల్ మాతోస్‌ల చేతిలో ఓడారు. పద్ధెనిమిదేళ్ళ క్రితం సెరెనాతో తలపడిన ఊరిలోనే, కుమారుని ఎదుట, కన్నీళ్ళ నడుమ ఆమె మాట్లాడింది. ఫిబ్రవరిలో దుబాయిలో చివరి వృత్తి పోటీ తొలి రౌండులోనే ముగిసింది. మార్చి 5న హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియంలో వీడ్కోలు ప్రదర్శన ఏర్పాటైంది. బోపన్న, కారా బ్లాక్, బెథనీ మాటెక్ శాండ్స్ వంటి పూర్వ సహచరులు అందుకోసం వచ్చారు. ఆనాడు పాయింట్లు లేవు, ర్యాంకు లేదు. చిన్ననాటినుండి ఆమెను చూసిన ఊరివారు గ్యాలరీలలో కూర్చొని చప్పట్లు కొట్టారు.