రేపటి గాలికి ఈనాడే లెక్క!

మీరు స్విచ్చి నొక్కగానే ఫాను తిరుగుతుంది. దానికి కావలసిన విద్యుత్తు ఎప్పుడు తయారయింది? నిన్ననా? ఈ ఉదయమా? కాదు, సరిగ్గా ఆ క్షణంలోనే!

ధాన్యాన్ని గాదెలో దాచుకుంటాం. విద్యుత్తును బ్యాటరీలలో కొంత దాచవచ్చుగాని, దేశానికంతటికీ చాలినంత దాచలేం. అందుచేత ఏ క్షణాన ఎంత వాడకముంటే ఆ క్షణాన అంతే ఉత్పత్తి జరగాలి.

ఈ తూకాన్ని తెలిపే నాడి ఫ్రీక్వెన్సీ. మన దేశంలో ఇది సెకనుకు 50 ఆవర్తాలు. వాడకం పెరిగితే జనరేటర్లపై భారం పడి, ఎత్తు ఎక్కే సైకిలులాగా వాటి వేగం తగ్గుతుంది. ఫ్రీక్వెన్సీ 50 కంటే దిగుతుంది. వాడకం తగ్గితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. రెండూ ప్రమాదమే.

లైన్లపై భారం అదుపు తప్పినా ముప్పే. 2012 జూలై 31న అధిక భారంవల్ల ఒక లైను విడిపోగా, ఆ భారం తక్కిన లైన్లపై పడింది. ఒకదాని వెంట ఒకటి విడిపోయి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్ల మందికి పైగా నివసించే ప్రాంతంలో విద్యుత్తు ఆగిపోయింది.

ముందుచూపు ఎలా?

అందుకే ఇంజనీర్లు రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత విద్యుత్తు కావాలో ముందురోజే అంచనా కడతారు. బొగ్గు కేంద్రం చెప్పినంత ఉత్పత్తి చేస్తుంది. కాని గాలి, ఎండ మన మాట వింటాయా? ఒక్క మబ్బు అడ్డువస్తే చాలు, సౌర విద్యుత్తు తగ్గిపోతుంది.

ఇక్కడే కృత్రిమ మేధ సాయపడుతున్నది. గడచిన రోజుల వాతావరణ సూచనలను, ఆ రోజుల్లో గాలిమరలు నిజంగా ఇచ్చిన విద్యుత్తు లెక్కలను కంప్యూటరుకు అందిస్తారు. అది ఒక అంచనా వేసి, అసలు జవాబుతో పోల్చుకుని, తేడా తగ్గేలా తన లెక్కను సవరించుకుంటుంది. మీరు లెక్కలు చేసి, వెనుక పేజీలో జవాబులు సరిచూసుకున్నట్లే! అయితే అది వేలసార్లు చేస్తుంది.

అమెరికాలో 700 మెగావాట్ల గాలిమరలకు గూగుల్, డీప్‌మైండ్ సంస్థలు ఈ పద్ధతి వాడి, 36 గంటల ముందే ఉత్పత్తిని అంచనా కట్టాయి. దీనివల్ల ఆ విద్యుత్తు విలువ సుమారు 20 శాతం పెరిగిందని 2019లో ప్రకటించాయి. ఎప్పుడు ఎంత వస్తుందో ముందే తెలిసిన విద్యుత్తుకు గిరాకీ ఎక్కువ కదా!

మరి మనిషితో పనిలేదా?

2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు దేశమంతటా 9 నిమిషాలు దీపాలార్పారు. వాడకం సుమారు 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందని ఇంజనీర్లు అనుకున్నారు. కాని తగ్గినది 31 వేలకు పైగా! అయినా గ్రిడ్ నిలిచింది. ఎందుకంటే, క్షణాల్లో ఉత్పత్తిని పెంచడానికీ తగ్గించడానికీ వీలైన జలవిద్యుత్ కేంద్రాలను వారు ముందే సిద్ధం చేసుకున్నారు.

గతం నుంచి నేర్చుకునే యంత్రానికి ఇటువంటి రోజు కొత్తదే. అంచనా యంత్రం కట్టవచ్చు. అది తప్పితే ఏం చేయాలో ఆలోచించవలసినది మనిషే.

మీరూ ఒక ప్రయోగం చేయండి. మీ ఇంటి మీటరు రీడింగు ఏడు రోజులు ఒకే సమయానికి వ్రాసుకోండి. ఎనిమిదవ రోజు రీడింగును ముందే ఊహించండి. ఎంత తేడా వచ్చింది? ఎందుకు వచ్చింది?